హార్నర్‌ను ఒక్క పాటకే కట్టేయొద్దు

సంపాదకులకు,

2015 జూన్ 22న కాలిఫోర్నియాలో, తానే నడుపుతున్న టూకానో విమానం కూలి 61 ఏళ్లకే వెళ్లిపోయిన హాలీవుడ్ సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్‌ను అందరూ ‘టైటానిక్’ పాటతోనే తలుచుకుంటున్నారు. ఆ చిత్రం ఆయనకు రెండు ఆస్కార్‌లు తెచ్చింది, నిజమే. కానీ అసలు పనితనం నేపథ్య సంగీతంలో ఉంది.

‘బ్రేవ్‌హార్ట్’ సినిమాకు ఆయన ఇచ్చిన సంగీతం వినండి. కథ స్కాట్లాండ్‌ది, అందులో మోగేది మాత్రం ఐర్లాండ్ ఇలియన్ పైప్స్ అనే సంచి వాద్యం. దీన్ని నోటితో ఊదరు. ఒక మోచేతి కింద కొలిమితిత్తి లాంటిది గాలి నింపుతుంది, రెండో మోచేయి సంచిని నొక్కుతుంది. అందుకే ఊపిరి కోసం నాదం తెగదు. ఊపిరి తేమ తగలదు కాబట్టి లోపల అదిరి నాదం పుట్టించే రీడ్లు (సన్నని పుల్లలు) పలుచగా, సున్నితంగా ఉంటాయి. స్కాటిష్ పైప్స్ అయితే వయొలిన్లను మింగేసేవి. ఇవి వాటి పక్కనే ఒదిగి ఏడుస్తాయి. ఆ ఎంపిక తప్పన్నవారితో నేను ఏకీభవించను.

ప్రమాద ఘట్టాల్లో ఒకే నాలుగు స్వరాలను సినిమా తర్వాత సినిమాలో వాడారన్న విమర్శ సబబే. అయినా అవి వినపడగానే గుండె జారుతుంది.

ఫోన్ స్పీకర్‌లో మంద్రస్వరాలు పోతాయి. దయచేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

– ఒక సంగీతాభిమాని