ఏమని ప్రార్థించాలో రోగినే అడగండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. ప్రార్థన వల్ల రోగులకు కలిగే మేలు గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం, దాని మీద పాఠకులు రాసిన ఉత్తరాలు చదివాను. ప్రార్థన ఉంటే ఏ జబ్బైనా పోతుందని ఒకరు రాశారు. అదంతా మనసును మభ్యపెట్టుకోవడమేనని ఇంకొకరు రాశారు. ఇద్దరూ గట్టిగానే వాదించారు గానీ మంచం మీద ఉన్న మనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ మనిషి పక్కన కూర్చునేదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఆయనకు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు. మేం క్రైస్తవులం. జబ్బు బయటపడిన నాటి నుంచి మా చర్చి సంఘంలోని వాళ్లు, బంధువులు, మేం ఎప్పుడూ చూడనివాళ్లు కూడా ఆయన కోసం ప్రార్థిస్తున్నారు. వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. ప్రార్థనే లేకపోతే ఈపాటికి నేను మంచం పట్టేదాన్ని.

ఇంటికి వచ్చినవాళ్లంతా దాదాపు ఒకే రకంగా ప్రార్థించేవారు. కిడ్నీలు మళ్లీ పనిచేయాలని, రక్తంలో పేరుకునే క్రియాటినిన్ అనే వ్యర్థం తగ్గాలని, డాక్టర్లు ఆశ్చర్యపోవాలని. ఆయన కళ్లు మూసుకుని వినేవారు, చివర్లో ఆమెన్ అనేవారు. ఒక సాయంత్రం సంఘంలోని ఓ కుర్రాడు వచ్చాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని, "అంకుల్, మీ కోసం ఏమని ప్రార్థించమంటారు?" అని అడిగాడు. మా ఆయన కాసేపు పైకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత, "చివరి గంటలో పిక్కలు పట్టేస్తున్నాయి బాబూ. ఆ గంట తలుచుకుంటేనే ముందు రోజు రాత్రి నిద్ర పట్టడం లేదు. దాని కోసం చెయ్యి" అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. నాకు కూడా చెప్పలేదు ఆయన. ఆ అబ్బాయి ఆ పిక్కల నొప్పి గురించే, ఆ చివరి గంట గురించే రెండు నిమిషాలు ప్రార్థించి వెళ్లిపోయాడు.

నోరు విప్పి ఒకసారి చెప్పాక, తర్వాతి డయాలసిస్‌లో ఆయన ఆ సంగతి నర్సుకు కూడా చెప్పారు. నర్సు డాక్టర్‌తో చెప్పింది. ఒంట్లోంచి నీరు మరీ వేగంగా, మరీ ఎక్కువగా తీస్తే అలా కండరాలు పట్టేస్తాయట. ఆయన డ్రై వెయిట్, అంటే అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన బరువు, మళ్లీ లెక్కవేసి, నీరు తీసే వేగం తగ్గించారు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. ఇది ప్రార్థనకు జవాబా, డాక్టర్ పనితనమా అని ఎవరైనా అడిగితే నా వరకు అవి రెండూ వేరు కావు. ఆ అబ్బాయి అడగకపోతే ఆయన చెప్పేవారే కాదు.

మార్కు సువార్త పదో అధ్యాయంలో గుడ్డివాడైన బర్తిమయి యేసు దగ్గరకు వస్తాడు. చూపు లేదని చూస్తేనే తెలుస్తుంది. అయినా యేసు "నేను నీకేమి చేయగోరుచున్నావు?" అని అడిగాడు. అన్నీ తెలిసిన ప్రభువే అడిగినప్పుడు మనం అడగడానికి ఎందుకు మొహమాటం?

ప్రార్థనకు శాస్త్రీయ రుజువు లేదని రాసిన పాఠకుడికి ఒక మాట. 2006లో అమెరికాలో బైపాస్ సర్జరీ చేయించుకున్న 1,802 మంది మీద జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ప్రార్థన అందినవాళ్లకూ అందనివాళ్లకూ తేడా కనిపించలేదు. పైగా, మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని ముందే చెప్పినవాళ్లలో 59 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ప్రార్థిస్తారో లేదో తెలియనివాళ్లలో అది 51, 52 శాతమే. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ అక్కడ ప్రార్థించినవాళ్లకు ఇచ్చింది రోగి మొదటి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం. అందరి కోసం చేర్చమన్నది ఒకే వాక్యం. ముఖం తెలియదు, బాధ తెలియదు, తలుపు తట్టింది లేదు. దేవుడు అలాంటి ప్రార్థన వినడని నేను అనను. అయితే సంఘంలో ఒకరి కోసం ఒకరం చేసుకునే ప్రార్థనను ఆ కొలతతో కొలవలేం. ప్రార్థన ఫలితం చూపించాల్సిన బరువు రోగి మీద పడితే ఎలా ఉంటుందో మాత్రం మా ఇంట్లో చూశాను. "ఇంతమంది ప్రార్థిస్తున్నా నాకెందుకు తగ్గడం లేదు?" అని ఆయన ఒకసారి అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన అలా అడగడానికి కారణం ఉంది. అంతకు ముందే ఒకాయన వచ్చి, మీలో ఏదో ఒప్పుకోని పాపం ఉంది, లేదంటే విశ్వాసం చాలడం లేదు అనేసి వెళ్లారు. మందులు తగ్గించుకుని మూడు రోజులు ఉపవాసం ఉండమని కూడా చెప్పారు. ఆ వచ్చినాయన సంగతి ఇక్కడ విప్పను. బైబిల్లో ఏముందో మాత్రం రాస్తాను, ఎందుకంటే ఇలాంటి మాటలు పడుతున్న ఇళ్లు ఇంకా చాలా ఉంటాయి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు యేసు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే ఒక బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. పౌలు విశ్వాసం చాలలేదని ఎవరనగలరు? తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతు అనే ఊళ్లో వదిలి రావలసి వచ్చిందని ఆ పౌలే రాశాడు. తరచూ జబ్బుపడే తన శిష్యుడు తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు పదిహేను ఏళ్ల ఆయుష్షు పెంచాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. సంఘపు పెద్దలను పిలిపించుకుని నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోమని యాకోబు పత్రిక చెబుతుంది. మేమూ చేయించుకున్నాం. వైద్యం మానుకోమని అందులో ఎక్కడా లేదు. డయాలసిస్ మానేస్తే ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. రోగికి ఉపవాసం చెప్పేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. ఉపవాసం ఉండాలనిపిస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉండొచ్చు.

రోగి మీద చేతులుంచి ప్రార్థించేవాళ్లకు ఇంకో మాట. మా ఆయన ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు రెండు కలిపి కుట్టిన చోటది. అక్కడ వేలు పెడితే లోపల రక్తం జలజలా పారుతున్నట్టు అదురు తెలుస్తుంది. రోజూ పొద్దున్నే తడిమి చూసుకుంటాం, ఆ అదురు ఉంటే మా ప్రాణం కుదుటపడుతుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, దాని మీద బరువు పడకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. ప్రార్థనలో ఆవేశం వచ్చి ఆ చేతినే బిగించి పట్టుకున్నవాళ్లు ఉన్నారు. వద్దనలేక ఆయన పళ్లు బిగబట్టి ఊరుకునేవారు. ఎక్కడ చెయ్యి వేయమంటారు అని ఒక్కమాట అడిగితే చాలు.

వాట్సాప్ గ్రూపుల గురించీ చెప్పాలి. ప్రార్థన మనవి పేరుతో ఆయన ల్యాబ్ రిపోర్టు ఫొటో ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో నాకు తెలియదు. ఆయన ఉద్యోగం చేసిన చోటివాళ్లు కూడా చూసి ఫోన్ చేశారు. ఆయనకు ఎంత సిగ్గనిపించిందో నేను చూశాను. దేవునికి రిపోర్టు అక్కర్లేదు. రోగి ఒప్పుకున్నంతే, ఒప్పుకున్నవాళ్లకే చెప్పాలి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. ఆపరేషన్, యాక్సిడెంట్, ఐసీయూ అంటే సంఘమంతా కదులుతుంది. ఏళ్ల తరబడి ఉండే జబ్బు దగ్గరికి వచ్చేసరికి పేరు మెల్లగా సంఘం ప్రార్థన జాబితాలో కిందికి జారి, ఒక ఆదివారం కనిపించకుండా పోతుంది. ఎవరూ కావాలని తీసేయరు. కొత్త పేర్లు వస్తాయి. కానీ ఆ ఆదివారం మా ఆయన గమనించారు. అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాళ్లు, మతిమరుపు వచ్చిన తల్లిని చూసుకుంటున్న పిల్లలు, వీళ్ల పేర్లు కూడా ఇలాగే జారిపోతాయి. దేవుడు చేసిన మేలు గురించి సంఘంలో సాక్ష్యం చెప్పడానికి వాళ్ల దగ్గర మంచి కబురు ఉండదు, అదీ ఒక కారణమే అనుకుంటాను. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. దాన్ని కూడా ప్రార్థనల్లోనే చేర్చారు కదా. అన్నీ పోగొట్టుకుని జబ్బుపడిన యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. అంతవరకూ వాళ్లు చేసింది మంచిపనే. నోరు తెరిచి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే దారి తప్పారు.

చూసుకునేవాళ్ల పేర్లు కూడా ఆ జాబితాలో ఉండాలి. పాస్టరమ్మ గారు ఒకరోజు ఆయన కోసం ప్రార్థించాక నా వైపు తిరిగి, "నీకేం కావాలమ్మా?" అని అడిగారు. నిద్ర అన్నాను. ఆ రాత్రి వాళ్లమ్మాయిని పంపించారు, ఆయన దగ్గర ఆ పిల్ల కూర్చుంది, నేను తెల్లారేదాకా పడుకున్నాను.

మా కోసం ప్రార్థించాలనుకునే పాఠకులు ఎవరైనా ఉంటే, ఆయన్ని అడిగే రాస్తున్నాను. ఫిస్టులా మూసుకుపోకుండా ఉండాలని. సూది మొదటిసారే సరిగ్గా పడాలని. దాహం తట్టుకునే ఓపిక ఉండాలని, ఎందుకంటే రోజుకు ఇంతే తాగాలని లెక్క ఉంది. పక్క మంచంలో డయాలసిస్ చేయించుకునే కుర్రాడికి కిడ్నీ దొరకాలని. ఈ ఆఖరిది మొదట రాయమన్నారు ఆయన, నేనే చివర్లో పెట్టాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు