సదస్సు సరిపోదు మంత్రిగారూ

ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. పిండం ఎలా ఏర్పడుతుందో మా పిల్లలు బొమ్మ గీసి మరీ పది మార్కులకు రాస్తారు. ముట్టుకునే ముందు ఎదుటి మనిషికి ఇష్టమో కాదో తెలుసుకోవాలన్న సంగతి మాత్రం సిలబస్‌లో ఎక్కడా లేదు.

లైంగిక వేధింపుల మీద ఏడాదికోసారి అవగాహన సదస్సు పెడతారు. గంటలో ముప్పావు గంట ఆడపిల్లలకు జాగ్రత్తలే: చీకటి పడేలోపు వచ్చేయండి, ఒంటరిగా వెళ్లకండి. లైంగిక దాడుల్లో ఎక్కువ భాగం తెలిసినవాళ్లే చేస్తారన్న మాట ఎవరూ ఎత్తరు. మగపిల్లలు అటెండెన్స్ కోసం కూర్చుని ఫోన్లు చూసుకుంటారు.

ఒకసారి సదస్సు అయ్యాక ఒక కుర్రాడు అడిగాడు: "ఇష్టం లేకపోతే అరుస్తారు కదా మేడమ్?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. భయంతో ఒళ్లు కొయ్యబారిపోతుందని, గొంతు పెగలదని అతనికి తెలియదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది మహిళలను పరిశోధకులు అడిగితే, 70 శాతం మంది ఆ సమయంలో చాలావరకు కదల్లేకపోయామన్నారు. 2017లో వచ్చిన అధ్యయనం అది. ఇదంతా చెప్పాక ఆ కుర్రాడు కాసేపు ఆగి, "అయితే ముందే అడగాలన్నమాట" అన్నాడు. అంతే కదా! నిన్న సరే అన్నది ఇవాళ్టికి చెల్లదని, తాగి తూలుతున్న మనిషి సమ్మతి సమ్మతి కాదని, బతిమాలి బెదిరించి అనిపించుకున్న 'సరే'కు విలువ లేదని అక్కడి నుంచి చెప్పుకుంటూ పోవచ్చు. గంటలో అయ్యే పని కాదు.

కెనడాలో మూడు యూనివర్సిటీల్లో మొదటి సంవత్సరం అమ్మాయిలకు 12 గంటల శిక్షణ ఇచ్చి చూశారు. తెలిసినవాడి తీరులో ప్రమాదాన్ని పసిగట్టడం, ఎదిరించడం నేర్పారు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ లేనివారిలో 9.8 శాతం, ఉన్నవారిలో 5.2 శాతం. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. అయితే అది అమ్మాయిల వైపు పాఠం. అబ్బాయిలకు చెప్పాల్సింది అలాగే మిగిలి ఉంది.

పాతికమందికో బ్యాచ్ చేసి, సమ్మతి గురించి చెప్పడానికి సెమిస్టర్‌కు కొన్ని గంటలు కేటాయించండి. పరీక్ష వద్దు, పెడితే బట్టీ పడతారు.

ట్రైనింగ్ మాత్రం ముందు మా లెక్చరర్లకు ఇప్పించండి. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి నా గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, తనకు జరిగింది చెప్పింది. "ఆ టైమ్‌లో అక్కడికెందుకు వెళ్లావమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఇట్లు,
ఒక లెక్చరర్