రెడ్‌లైన్ పెంచిన కార్లకు ఇక ఆ ప్రెషర్ ప్లేట్లు బిగించం

ఇంజన్ శక్తి పెంచుకున్న కార్లు మా వర్క్‌షాపుకు తెచ్చేవారికి ఒక మాట. కంపెనీ పెట్టిన రెడ్‌లైన్‌ను, అంటే ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం హద్దును, దాటించిన ఏ కారుకూ ఇకపై మామూలు పోత ఇనుప ప్రెషర్ ప్లేటు (క్లచ్ డిస్కును అదిమిపట్టే పళ్లెం) బిగించం. మీరే కొని తెచ్చినా అంతే.

ఆ ఇనుము చెడ్డదని కాదు. వేడిని బాగా లాగుతుంది, చవక. రోజూ తిరిగే కారుకు అంతకంటే మంచిది వెతకనక్కర్లేదు. చిక్కంతా అందులో రేకులుగా పరుచుకున్న గ్రాఫైట్‌తోనే. ఆ రేకుల అంచుల దగ్గరే పగులు మొదలవుతుంది. నొక్కితే ఓర్చుకునే ఈ లోహం లాగితే ఓర్చుకోదు. గిర్రున తిరిగే ప్లేటును అపకేంద్ర బలం లాగుతూనే ఉంటుంది, అదీ వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే హెచ్చిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 6000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 8000కు వెళ్తే వేగం పెరిగేది మూడో వంతే. లాగుడు మాత్రం దాదాపు 1.8 రెట్లవుతుంది.

నాడ్యులర్ ఇనుములో గ్రాఫైట్ గుండ్రని గుళికలుగా ఉంటుంది కాబట్టి పగులు అంత సులువుగా పాకదు. మేము వాడబోయేది అదీ, ఉక్కూ. రేసు కార్ల భాగాలకు భద్రతా ప్రమాణాలు పెట్టే అమెరికాలోని ఎస్‌ఎఫ్‌ఐ ఫౌండేషన్ వారి 1.1 ప్రమాణం ముద్ర ఉన్నవే తెప్పిస్తాం.

పాత ప్లేటునే సానపట్టి ఇమ్మని అడిగేవారు చాలామంది. క్లచ్ జారి వేడెక్కిన చోట నీలి మచ్చలు పడతాయి. అక్కడ లోహం గట్టిపడి పెళుసవుతుంది, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. సానపడితే రంగు పోతుంది, లోతుకు దిగిన పగులు పోదు; పైగా ప్లేటు పలచబడుతుంది. రేసు కార్లకు ఆ పని కూడా మానేస్తున్నాం.

ప్లేటు పగిలితే ముక్కలను మామూలు అల్యూమినియం బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గుల్ల) ఆపుతుందనే నమ్మకం లేదు. ఇంజన్ ముందుండి వెనక చక్రాలు తిప్పే కార్లలో దాని పక్కనే ఉండేవి డ్రైవరు పాదాలు. డ్రాగ్ రేసుకు (తిన్నని బాటలో జరిగే వేగ పోటీకి) వెళ్లేవారు ఎస్‌ఎఫ్‌ఐ 6.1 ప్రమాణం ఉన్న ఉక్కు హౌసింగ్ కూడా వేయించుకోండి. బేరాలాడాల్సిన చోటు అది కాదు.

దీనివల్ల ఖర్చు పెరుగుతుంది, సరుకు రావడానికి సమయం పడుతుంది, కొన్ని క్లచ్ సెట్లలో పెడల్ బరువెక్కుతుంది. కొందరు వేరే చోటికి వెళ్తారని తెలుసు. ఇప్పటికే పాత రకం ప్లేటుకు మా దగ్గర బయానా ఇచ్చినవారు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, లేదా కొత్తదానికి జమ చేయించుకోవచ్చు. రెడ్‌లైన్ మార్చని కార్లకు పాత పద్ధతే.