మరగబెడితే పోయేది కాదు, సంపాదకులు గారూ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో, వారఫలాల పక్కన, తాగునీటిలోని ఆర్సెనిక్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతింటాయని ఒక వార్త వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను. దుకాణం కట్టేసరికి రాత్రి పదిన్నర అవుతుంది, ఆ తరువాత కలం పట్టే ఓపిక ఉండదు. మీరే సవరణ వేస్తారులే అని పది రోజులు చూశాను. సవరణ వచ్చింది. ఒక సినిమా నటుడి పుట్టినరోజు తేదీ తప్పు పడినందుకు.

ఆ వార్తలో తప్పులు రెండు. లీటరు నీటిలో ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పెట్టిన హద్దు 10 మైక్రోగ్రాములు. మన భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పే హద్దు కూడా అదే. మిల్లీకి, మైక్రోకి మధ్య తేడా వెయ్యి రెట్లు. నేను మాత్రల మోతాదులో ఇంత తప్పు చేస్తే నా లైసెన్సు గోడ మీద ఉండదు. రెండోది ఇంకా ఘోరం. వార్త కింద పసుపు రంగు పెట్టెలో ‘నీటిని మరగబెట్టి, చల్లార్చి తాగండి’ అని సలహా ఇచ్చారు. మరగబెడితే చచ్చేవి క్రిములు. ఆర్సెనిక్ అంటే మన పెద్దలు పాషాణం అనేవారే, అది. నిప్పుకు చావదు. ఆవిరయ్యేది నీళ్లే కనుక గిన్నెలో మిగిలిన దాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది. విరేచనాలకు, కామెర్లకు ఏళ్ల తరబడి వేస్తున్న పెట్టెనే తెచ్చి దీనికీ అతికించినట్టున్నారు.

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. వైద్యుణ్ని కాను. కానీ వీధిలో ఎవరు ఎంతకాలంగా దగ్గుతున్నారో నాకు తెలిసినంతగా వాళ్ల పిల్లలకు కూడా తెలియదు. ఊరి బయటి కాలనీ నుంచి ఒక పెద్దావిడ నెలకు రెండుసార్లు వస్తుంది. చీర కొంగుముడిలో డబ్బులు, ప్లాస్టిక్ సంచిలో పాత చీటీలు. మూడు మెట్లెక్కి బల్ల పట్టుకుని నిలబడుతుంది. మాట రావడానికి కొంతసేపు పడుతుంది, నేనూ తొందరపెట్టను. ఆమె చీటీలన్నీ చూశాను. పొగ తాగుతుందా, కట్టెల పొయ్యి ఉందా, క్షయ పరీక్ష చేయించారా, దుమ్ములో పని చేసిందా అని అడిగి రాసుకున్నారు. ఇవన్నీ అడగవలసినవే. కరీంనగర్ రాతి క్వారీలు, నిజామాబాదు, జగిత్యాల బీడీలు ఉన్న చోట అడగకుండా ఎలా ఉంటారు? కానీ ఒక్క చీటీలోనూ ఆమె ఏ నీళ్లు తాగుతుందో లేదు. ఒకసారి నేనే అడిగాను. “బోరు నీళ్లే బిడ్డా, ముప్పై ఏళ్ల నుంచి. నీళ్లకూ దగ్గుకూ ఏం సంబంధం?” అంది.

సంబంధం ఉంది, మీ వార్త చెప్పవలసింది అదే. నోటి గుండా పోయిన ఆర్సెనిక్ పేగుల్లోంచి రక్తంలో కలుస్తుంది. చాలావరకు కొద్ది రోజుల్లో మూత్రంలో వెళ్లిపోతుంది, నిజమే. కానీ రోజూ తాగేవాడికి రోజూ వచ్చి చేరుతూనే ఉంటుంది. అది ఎక్కువగా దెబ్బతీసే అవయవాల్లో ఊపిరితిత్తులు ఒకటి. చిలీ దేశంలో ఆంటోఫగాస్టా అనే పట్నం ఉంది. 1958లో కొత్త నది నీళ్లు తెచ్చి నల్లాలకు కలిపారు. లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్. 1970లో శుద్ధి కేంద్రం పెట్టే దాకా పన్నెండేళ్లు ఊరంతా అవే నీళ్లు తాగింది. ఆ ఏళ్లలో తల్లి కడుపులోనో, ఉయ్యాలలోనో ఉన్నవాళ్లు నడివయసుకు వచ్చాక ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మామూలు కంటే ఆరేడు రెట్లు ఎక్కువగా చనిపోయారు. శ్వాసనాళాలు వెడల్పై కఫం, చీము పట్టే బ్రాంకియెక్టాసిస్ మరణాలైతే, కడుపులో ఉండగానే ఆ నీటి పాలైనవాళ్లలో 46 రెట్లు. 2006లో అచ్చయిన లెక్క ఇది. నీళ్లు బాగుపడిన ముప్పై ఏళ్ల తరువాత కూడా చావులు ఆగలేదు. బంగ్లాదేశ్‌లోనూ బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఎక్కువగా తాగినవారిలో ఊపిరి బలం తగ్గినట్టు కొలిచారు. దానికి పొగ తోడైతే ఇక చెప్పనక్కరలేదు. పశ్చిమ బెంగాల్‌లో 1983లో చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా రోగుల ఒంటి మీద మచ్చలు చూసి వాళ్లు తాగే నీళ్ల దాకా వెళ్లారు. అంతకు ముందు వాళ్లకు పూత మందులు అమ్మిన నాలాంటి దుకాణదారులు ఎందరో ఉండే ఉంటారు.

మా ఊరి నీళ్లలో ఆర్సెనిక్ ఉందని నేను అనడం లేదు. లేదని ఎవరు చూశారు అని అడుగుతున్నాను. ఫ్లోరైడ్ మనది, ఆర్సెనిక్ గంగా మైదానానిది అని పంచేసుకుని కూర్చున్నాం. మన రాష్ట్రంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ చుట్టూ భూగర్భజలాల్లో ఆర్సెనిక్‌ను కొలిచి రాశారు. ఇక బొగ్గు తవ్వేదీ, బొగ్గు కాల్చేదీ చాలావరకు మన ఉత్తర, తూర్పు జిల్లాలే. బొగ్గు బూడిదలో అది కొద్దో గొప్పో ఉంటుంది. ఫ్లోరైడ్‌తో వంగిన కాళ్లు ఫొటోకు కనిపిస్తాయి కనుక నాయకులు వచ్చి పక్కన నిలబడ్డారు. ఊపిరితిత్తులు ఫొటోకు కనిపించవు.

పోయిన ఎండాకాలం మా వీధి బోరు నీళ్లు సీసాలో పట్టి ఒక కార్యాలయానికి తీసుకెళ్లాను. మొదటి కిటికీలో ‘సీసా మాది కాదు’ అన్నారు. వాళ్ల సీసా కోసం రెండు రోజులు తిరిగాను. రుసుము కట్టించుకున్నారు. ఐదు వారాలకు కాగితం చేతికి వచ్చింది. ఉదజని సూచిక (పీహెచ్), కఠినత, క్లోరైడ్, నైట్రేట్, ఇనుము, ఫ్లోరైడ్, అన్నీ ఉన్నాయి. ఆర్సెనిక్ వరుస లేదు. అడిగితే ఆ యువకుడు తల ఎత్తకుండానే “మన దగ్గర ఆ సమస్య లేదండి” అన్నాడు. ఎలా తెలుసు అన్నాను. “ఎవరూ పరీక్ష చేయించరు కదండీ” అన్నాడు. ఆ కాగితం నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

చివరికి మా వీధికి నీటి నాణ్యత చెప్పేవాడు ఇరవై లీటర్ల క్యాను తెచ్చే కుర్రాడు. పెన్ను లాంటి టీడీఎస్ మీటరు గ్లాసులో ముంచి, 38 చూపించి, “అమృతం సార్” అంటాడు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలగలిపి మిల్లీగ్రాముల్లో చూపుతుంది. అందులో ఒక్క అంకె కదలాలంటే ఆర్సెనిక్ హద్దుకు వంద రెట్లు ఉండాలి. క్యాను నీళ్లను వడకట్టే ఆర్‌ఓ యంత్రంలోని పొర మంచిదైతే ఆర్సెనిక్‌ను చాలావరకు ఆపుతుంది, కాదనను. అయినా ఆర్సెనిక్‌లో ఒక రకం కొంత జారిపోతుంది. ఆ పొర ఎప్పుడు మార్చారని అడిగితే కుర్రాడు మా ఓనరును అడగండి అంటాడు, ఓనరు ఫోను ఎత్తడు. మానేరు నుంచి ధర్మసాగర్ చెరువుకు వచ్చి, శుద్ధి చేసి నల్లాల్లో వదిలే నీళ్లు వీటికంటే నయమని నా నమ్మకం. అవి రోజు విడిచి రోజు వస్తే మిగతా రోజు జనం ఏం తాగాలి? గొలుసుకట్టు చెరువులతో కాకతీయులు ఏలిన నేల మీద చెరువు శిఖంలో ఇళ్లు కట్టుకుని, ఆ ఇంట్లోనే ఎనిమిది వందల అడుగుల బోరు వేసుకుంటున్నాం. నాలాలు పూడ్చిన ఫలితం 2020 ఆగస్టులో వరదై మా కాలనీ మొదటి అంతస్తు మెట్ల దాకా వచ్చి పలకరించి వెళ్లింది. అప్పుడు పడవల్లో తిరిగిన అధికారులు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో. మాటల్లో ఎటో వెళ్లిపోయాను, మన్నించండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆర్సెనిక్‌కు కిట్లు ఉన్నాయి. సీసాలో నీళ్లు పోసి పొడులు కలిపితే పైకి వచ్చే వాయువు కాగితం ముక్కను పసుపుగా, ఎక్కువుంటే గోధుమ రంగుగా మారుస్తుంది. అనుమానం వచ్చిన బోరు నీళ్లను ఆపైన ప్రయోగశాలకు పంపవచ్చు. ఏడాదికి ఒకసారి మా డివిజన్ బోర్లన్నింటికీ ఇది చేసి, ఫలితాన్ని ఆ బోరు గోడ మీదే సున్నంతో రాయమనండి. నీటి పొదుపు నినాదాలు రాసిన గోడలు చాలా ఉన్నాయి, వాటి పక్కన చోటుంది. రోగి దగ్గుతూ వస్తే బీడీ గురించి అడిగిన నోటితోనే నీళ్ల గురించి కూడా అడగమని డాక్టర్లకు మీ పత్రిక చెబితే బాగుంటుంది. నేను చెబితే వినరు, మందుల దుకాణం వాడికెందుకు అంటారు.

ముందుగా మీరు ఆ మరగబెట్టే సలహాకు సవరణ వేయండి. మా వీధిలో ఇద్దరు మీ పెట్టె కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అతికించుకున్నారు. వారఫలాల పక్కన వేసినా పరవాలేదు, మైక్రో అన్న మాట ఈసారి మిల్లీ కాకుండా చూడండి.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
హనుమకొండ