ముందు ఎవరు మొదలుపెట్టారన్న మీ ప్రశ్నకు

లూటన్,
2024 ఆగస్టు 18.

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. పోయిన ఆదివారం ఫోనులో మీరు అడిగిన మాటకు అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ ఇంగ్లండులో ఈ మధ్య జరిగిన అల్లర్ల దృశ్యాలు టీవీలో చూసి, "ఇంతకీ ఇందులో ముందు మొదలుపెట్టినదెవరు?" అని మీరు అడిగారు. పిల్లలు పక్కనే ఉండడం వల్ల మాట దాటవేశాను. ఏళ్ళ తరబడి బడిలో పిల్లల తగవులు తీర్చిన మీకు ఆ ప్రశ్న రావడం సహజమే. అయితే పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి చూసినదాన్ని బట్టి, ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయిన ప్రతివాడూ చివరకు ముస్లిం తీవ్రవాదులూ, ముస్లిములను ద్వేషించేవాళ్ళూ అనే రెండు గుంపులలో ఏదో ఒకదాని కథలోకి జారిపోతాడని నాకు అర్థమైంది. అందుకే తీరికగా కూర్చుని రాస్తున్నాను.

నేను ఈ ఊరికి వచ్చిన ఆరు నెలలకే, 2009 మార్చి 10న, ఇరాక్ నుంచి తిరిగి వచ్చిన రాయల్ ఆంగ్లియన్ రెజిమెంటు సైనికులు టౌన్ హాలు ముందునుంచి కవాతు చేశారు. వేలమంది జనం రోడ్డుకు రెండు వైపులా నిలబడి చప్పట్లు కొడుతుండగా, అల్ ముహాజిరూన్ అనే ముస్లిం తీవ్రవాద సంస్థతో సంబంధం ఉన్న ఓ ఇరవై మంది "బస్రా కసాయివాళ్ళు" అని రాసిన అట్టలు పట్టుకుని సైనికులను తిట్టారు. జనం వాళ్ళ మీదికి వెళ్ళబోతే పోలీసులు అడ్డుపడ్డారు. ఆ రోజు అరెస్టయిన ఇద్దరూ సైనికులకు స్వాగతం చెప్పడానికి వచ్చినవారి వైపు వారే కావడంతో ఊరు మరింత మండిపడింది. ఆ మధ్యాహ్నం నేను తరగతి ముగించుకుని అటు వచ్చేసరికి అంతా అయిపోయింది, పోలీసులు మాత్రం మిగిలారు. ఇరవై మంది చేసిన ఆ పది నిమిషాల పని ఎంత దూరం పోతుందో అప్పుడు నాకేమీ తెలియలేదు.

ఆ సాయంత్రం మామూలుగానే బరీ పార్కులోని దుకాణంలో పనికి వెళ్ళాను. బరీ పార్కు అంటే మన గుంటూరులో లాలాపేట వంటిదనుకోండి, అంతా బట్టల కొట్లూ మిఠాయి కొట్లూ పచారీ కొట్లే. యజమాని పాకిస్తాన్ వైపు కాశ్మీరులోని మీర్పూరు నుంచి వచ్చిన పెద్దమనిషి, మేమందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన ఆ రోజు గల్లా పెట్టె దగ్గర కూర్చుని, "ఈ కుర్రాళ్ళు మమ్మల్ని ముంచారు" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. ఆ బృందం వాళ్ళు వీధిలో బల్ల వేసుకుని కరపత్రాలు పంచుతూ, తమ దారికి రాని ముస్లిములను అసలు ముస్లిములే కారని తిడుతుండేవారు. ఆయనా వాళ్ళ తిట్లు తిన్నవాడే.

తరువాత జరిగినది చూడండి. మే నెల మొదట్లో బరీ పార్కులోని ఇస్లామిక్ కేంద్రం మీద ఎవరో నిప్పు పెట్టే బాంబు వేశారు. అది ఆ ఇరవై మందినీ బాహాటంగా వ్యతిరేకిస్తూ వచ్చిన మసీదు. సైనికులను తిట్టినవాళ్ళకు నిరసనగా మే 24న జరిగిన ఊరేగింపు అదుపు తప్పి, ఆసియా వాళ్ళ దుకాణాల మీదా దారిన పోయేవాళ్ళ మీదా దాడులు జరిగాయి. భాయ్ షట్టరు దించి మమ్మల్నందరినీ వెనక గదిలో కూర్చోబెట్టాడు. ఆ జూన్‌లోనే టామీ రాబిన్సన్ అనే మారుపేరు పెట్టుకున్న ఒక లూటన్ యువకుడు, అతని బంధువు, మరికొందరు కలిసి ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్ అనే ముస్లిం వ్యతిరేక సంస్థను ప్రారంభించారు. రెండేళ్ళు తిరగకముందే, 2011 ఫిబ్రవరి 5న, ఆ సంస్థ పిలుపు మీద దేశం నలుమూలల నుంచి వేలమంది మా ఊరికి వచ్చారు. ఆ శనివారం ఊరంతా చెక్కపలకలు బిగించుకుని కూర్చుంది.

నాన్నగారూ, మీరు పల్నాడులో పనిచేసిన రోజుల్లో అన్న మాట ఒకటి నాకు ఇక్కడ పదేపదే గుర్తుకు వస్తుంది. ఆ ఊళ్ళో ఎదుటి ముఠా నాయకుడు కాపురం గుంటూరుకు మార్చేసినప్పుడు, ఈ ముఠా నాయకుడే అందరికంటే ఎక్కువ దిగులు పడ్డాడని, అవతలివాడు లేకపోతే తన అరుగు మీద కూర్చోవడానికి ఎవరు వస్తారని మీరు చెప్పేవారు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు అనే సామెత ఇక్కడ సగమే సరిపోతుంది. లేగల కాళ్ళు విరగడం నిజమే గాని, ఆంబోతులు ఒకదాన్నొకటి తరిమివేయడానికి పోట్లాడతాయి. వీళ్ళకు మాత్రం అవతలివాడు పారిపోతే గడవదు. ముస్లిములందరూ సైనికులను తిట్టిన ఆ ఇరవై మందిలాంటివాళ్ళేనని ఒకరు చెప్పాలి. తెల్లవాళ్ళందరూ మసీదుకు నిప్పు పెట్టినవాళ్ళలాంటివాళ్ళేనని మరొకరు చెప్పాలి. ప్రతి పక్షానికీ తన మాట నిజమని చూపించే సాక్ష్యం అవతలి పక్షం దగ్గరే దొరుకుతుంది.

ఇది నా ఊహ కాదు. బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ ఈట్‌వెల్ అనే ఆచార్యుడు, లూటన్‌లో ఇదంతా జరగడానికి మూడేళ్ళ ముందే, 2006లో, ఒక రకం తీవ్రవాదం మరో రకం తీవ్రవాదాన్ని పెంచి, అది తిరిగి మొదటిదాన్ని పెంచే ఈ పోకడకు ఒక పేరు పెట్టి రాశాడు. పేరుకుపోయే తీవ్రవాదం అని దాన్ని తెలుగులో చెప్పుకోవచ్చు. ఇస్లామిక్ స్టేట్ వాళ్ళయితే దాపరికమే లేకుండా, 2015 ఫిబ్రవరిలో తమ పత్రికలో, పాశ్చాత్య దేశాలలో ముస్లిములు తక్కినవారితో కలిసి బతికే మధ్య ప్రదేశాన్ని బూడిదరంగు ప్రాంతమని పిలిచి, దాన్ని అంతం చేయడమే తమ పని అని ప్రకటించుకున్నారు. ముస్లిములను ఇరుగుపొరుగువాళ్ళు వెలివేస్తే వాళ్ళకు తమ వైపు రావడం తప్ప మరో దారి ఉండదని వాళ్ళ లెక్క. ఆ వెలివేసే పనిని ఎవరు చేసి పెట్టాలి? ముస్లిములను ఈ దేశం నుంచి వెళ్ళగొట్టాలనేవాళ్ళే కదా!

2013 మే 22న లండన్‌లోని వులిచ్ వీధిలో లీ రిగ్బీ అనే సైనికుణ్ణి పట్టపగలు చంపిన ఇద్దరూ అల్ ముహాజిరూన్ వాళ్ళతో తిరిగినవారే. అంతకు ముందు క్షీణిస్తూ వస్తున్న ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్‌కు, ఆ హత్య తరువాత ఫేస్‌బుక్‌లో అనుచరుల సంఖ్య కొద్ది రోజుల్లోనే అనేక రెట్లు పెరిగింది. మరునాడే టీవీ వాళ్ళు అల్ ముహాజిరూన్ ప్రచారకుడు అంజెం చౌదరిని పిలిచి మాట్లాడించారు. ఒక్క మసీదులోనూ నిలువనీడ లేని మనిషిని ముస్లిముల తరఫున మాట్లాడేవాడిలా కూర్చోబెట్టడం చూసి, భాయ్ దుకాణంలో టీవీ కట్టేశాడు. ఆ చౌదరికి ఎదురుగా చాలాసార్లు రాబిన్సన్‌ను కూర్చోబెట్టి వాదన పెట్టించేవారు. ఇద్దరూ ఇద్దరికీ పేరు తెచ్చిపెట్టుకున్నారు. విలేకరులు చేసిన ఈ మేలును వాళ్ళిద్దరూ డబ్బిచ్చి కొనుక్కోలేకపోయేవారు. ఈ విషయంలో నాకు పత్రికల మీద ఉన్న కోపం ఇంతవరకూ తగ్గలేదు.

ఇంకో సంగతి రాస్తాను. 2012 జూన్ 30న డ్యూస్‌బరీ అనే ఊళ్ళో ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్ సభ జరుగుతుంటే, బర్మింగ్‌హామ్‌కు చెందిన కొందరు ముస్లిం తీవ్రవాదులు తుపాకులూ కత్తులూ మేకులు దట్టించిన బాంబూ కారులో పెట్టుకుని అక్కడికి బయలుదేరారు. వాళ్ళు చేరేసరికి సభ ముందే ముగిసిపోయింది. తిరిగి వస్తుంటే ఆ కారుకు బీమా లేదని హైవే మీద పోలీసులు ఆపి, కారును స్వాధీనం చేసుకుంటే, తరువాత అందులో ఆయుధాలు బయటపడ్డాయి. వాళ్ళు చేరేదాకా ఆ సభ సాగి ఉంటే ఎంతమంది చచ్చిపోయేవారో, దానికి బదులుగా ఎన్ని మసీదులు తగలబడేవో తలచుకుంటే నాకు ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది.

2017లో అంత అదృష్టం దక్కలేదు. జూన్ 3న ముగ్గురు అద్దెకు తీసుకున్న వ్యానుతో లండన్ బ్రిడ్జి మీద జనాన్ని తొక్కించి, కత్తులతో పొడిచి, ఎనిమిది మందిని చంపారు. వాళ్ళలో ఒకడు అల్ ముహాజిరూన్ వాళ్ళతో తిరిగినవాడే. సరిగ్గా పదహారు రోజుల తరువాత, 19వ తేదీ అర్ధరాత్రి దాటాక, కార్డిఫ్ నుంచి డారెన్ ఆస్బర్న్ అనేవాడు తానూ ఒక వ్యాను అద్దెకు తీసుకుని వచ్చి, లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్కులో ముస్లిం వెల్ఫేర్ హౌస్ అనే ప్రార్థనా కేంద్రం దగ్గర నమాజు ముగించుకుని వస్తున్నవారి మీదికి తోలాడు. మక్రమ్ అలీ అనే ఆయన చనిపోయాడు. ఎవరిని పగవాళ్ళని తిట్టుకున్నాడో వాళ్ళ దగ్గరే పద్ధతి నేర్చుకున్నాడు చూడండి. జనం అతణ్ణి పట్టుకుని కొడుతుంటే, ఆ కేంద్రం ఇమాము మహమ్మద్ మహమూద్ అడ్డం నిలబడి, ఎవరూ చెయ్యి చేసుకోవద్దని ఆపి, ప్రాణాలతో పోలీసులకు అప్పగించాడు. ఆ రాత్రి ఆస్బర్న్ అక్కడే చచ్చిపోయి ఉంటే, అతని వంటివాళ్ళకు ఒక అమరవీరుడు దొరికేవాడు.

ఇద్దరూ సమానమేనని తేల్చి చేతులు దులుపుకోవాలని నేను ఇదంతా రాయడం లేదు. ప్రతి హత్యకూ చేసినవాడే బాధ్యుడు. ఒకరి నేరాన్ని చూపించి మరొకరి నేరాన్ని తగ్గించడం ఈ ఆటలో భాగమే. ఇరాక్ యుద్ధమూ, ఈ ఊళ్ళో వేలమందికి అన్నం పెట్టిన కార్ల తయారీ 2002లో ఆగిపోవడమూ, రెండు వైపులా కుర్రాళ్ళకు ఉన్న నిజమైన కష్టాలు. ఆ కష్టాల మీద ఈ గుంపులు బతుకుతాయి గాని వాటిని తీర్చవు.

ఇక ఈసారి సంగతి. జులై 29న సౌత్‌పోర్ట్‌లో డ్యాన్సు నేర్చుకోవడానికి వెళ్ళిన ముగ్గురు చిన్న ఆడపిల్లలను కత్తితో చంపేశారు. చంపినవాడు పడవెక్కి వచ్చిన ముస్లిమని ఒక కల్పిత పేరుతో పుకారు పుట్టింది. అరెస్టయిన కుర్రవాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. అయినా 30వ తేదీ సాయంత్రం, గుంపు ఆ ఊరి మసీదు మీద ఇటుకలు విసిరింది. అదే రోజు లండన్‌లో న్యాయస్థానం అంజెం చౌదరికి కనీసం 28 ఏళ్ళు బయటికి రాకుండా యావజ్జీవ శిక్ష విధించింది. పదిహేనేళ్ళ క్రితం ఈ గుంపు ఎవరిని చూపించి పుట్టిందో ఆ మనిషి జైలుకు వెళ్ళినా, గుంపు మాత్రం ఒక లేని మనిషిని కల్పించుకుని బతికింది. ఆగస్టు 5న బర్మింగ్‌హామ్‌లోని బోర్డ్స్‌లీ గ్రీన్‌లో, ఆ గుంపులు వస్తున్నాయన్న పుకారు విని వందలమంది ముస్లిం యువకులు పోగయ్యారు. ఎవరూ రాలేదు. అయినా వాళ్ళలో ముసుగులు వేసుకున్న కొందరు ఒక పబ్బు మీద పడి, బయట ఉన్న మనిషిని గాయపరిచారు. తమ్ముడు మీకు చూపించిన వీడియో బహుశా అదే. అతను నాకూ పంపాడు. దానికి ముందు వారం జరిగినదేదీ అందులో లేదు.

మేము ఏ పక్షమూ కాదు కదా అని మీరు అనవచ్చు. ఆ గుంపులకు మా ముఖాలలో తేడా కనబడదు. ఆగస్టు 6న మన హైకమిషన్ కూడా ఇక్కడికి వచ్చే భారతీయులను జాగ్రత్తగా ఉండమని హెచ్చరించింది. కోడలు ఆ వారమంతా బొట్టు తీయకుండానే బస్సెక్కి పనికి వెళ్ళింది, నేను మాత్రం రోజూ ఆమె చేరినట్టు మెసేజి వచ్చేదాకా పని మొదలుపెట్టలేకపోయాను. 2022లో లెస్టర్‌లో, క్రికెట్ మ్యాచ్ తరువాత మన హిందూ కుర్రాళ్ళూ ముస్లిం కుర్రాళ్ళూ వీధులకెక్కినప్పుడు, ఒక ముస్లిం అమ్మాయిని ఎత్తుకుపోబోయారన్న పుకారు ఒక వైపు మంట పెట్టింది. గుడి ముందు జెండా లాగేసిన దృశ్యం మరో వైపు మంట పెట్టింది. అమ్మాయి మాట అబద్ధమని పోలీసులు చెప్పినా రెండూ ఊరూరా తిరిగిపోయాయి. ఆ దృశ్యాలను తిప్పినవాళ్ళలో లెస్టర్ ఎక్కడుందో తెలియని మన దేశం వాళ్ళు ఎంతోమంది.

యార్క్‌లో జరిగిన సంగతి కూడా చెప్పాలి. వులిచ్ హత్య జరిగిన వారంలోనే, అక్కడి మసీదు ముందు ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్ వాళ్ళు నిరసన చేస్తారని తెలిసి, మసీదు వాళ్ళు టీ కాచి, బిస్కెట్లు పెట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. వచ్చిందేమో ఐదారుగురు. లోపలికి పిలిస్తే వెళ్ళి, టీ తాగి, మాట్లాడుకుని, చివరకు అందరూ కలిసి ఫుట్‌బాల్ ఆడారు. మా ఊళ్ళోనూ 2009 మే చివరి శుక్రవారం, నమాజు ముగిసిన తరువాత, భాయ్ వంటి వాళ్ళు వందలమంది బయటికి వచ్చి, ఆ కరపత్రాల బల్ల వేసుకున్నవాళ్ళను వీధి నుంచి వెళ్ళగొట్టారు. మార్చిలో ఆ ఇరవై మందిని చూపించినన్నిసార్లు ఈ వందలమందిని టీవీలో చూపించలేదు. అందుకే మీకు ఈ సంగతి ఇప్పుడు నా ఉత్తరంలో తెలుస్తోంది.

తమ్ముణ్ణి మీరు కోప్పడకండి. కోప్పడితే వాడు ఆ వీడియోలు పంపేవాళ్ళ వైపే ఇంకా జరుగుతాడు. వచ్చే ఆదివారం సాయంత్రం మీరిద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు ఫోను చేస్తాను. ముందు ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించండి. భాయ్ ఇప్పుడు కొట్టు కొడుకుకు అప్పగించి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ రోజు ఆయన్ను మా ఇంటికి భోజనానికి పిలిచాను. తమ్ముడు అడగదలచుకున్నదేదైనా ఉంటే ఆయన్నే అడగమనండి.

ఇట్లు,
మీ కుమారుడు