ప్రకృతి ఉపసంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఈ ఉపసంఘం పెట్టుకున్నప్పుడు మొక్కలు నాటి ఫొటోలు దిగడమే పని అనుకున్నాం. తీరా చూస్తే ఈ ఏడాది చేసినవాటికంటే మానుకున్నవే ఎక్కువ.

మొదట మానింది ఎలుకల జిగురు అట్ట. జూన్‌లో చెన్నై వేళచ్చేరి అపార్ట్‌మెంట్లో మెట్ల కింద పెట్టిన అట్టకు ఎలుక బదులు ఉడుత అంటుకుంది. తోక, ఒక పక్క పొట్ట అతుక్కుపోయాయి. కొబ్బరినూనె చుక్క చుక్కగా పోస్తూ, దూదితో గోరంత గోరంత విడదీయడానికి ముప్పావు గంట పట్టింది. తోక వెంట్రుకలు సగం అట్టకే ఉండిపోయాయి. మర్నాడు అదే ఉడుత గోడ మీద కనబడిందని పిల్లలు చెప్పారు. అలాంటి బోడితోక ఇంకే ఉడుతకుంటుందని వాళ్ల వాదన. ఆ వారమే అట్టలూ ఎలుకల మందూ రెండూ మానేశాం. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే విషం దానికీ ఎక్కుతుంది. ఇప్పుడు చెత్తడబ్బాలకు మూతలు, డ్రైనేజీ కంతలకు జాలీలు, మామూలు బోనులు పెట్టాం. ఎలుకలు పోయాయని చెప్పను, తగ్గాయి.

అక్టోబర్ వానలకు మనం కార్లను వేళచ్చేరి ఫ్లైఓవర్ ఎక్కించి కాపాడుకున్నాం. పాములకు ఆ సౌకర్యం లేదు. నవంబర్ 30న, ఫెంగల్ తుపాను రోజున, ఆరడుగుల జెర్రిపోతు మోటారు గదిలో దూరింది. వెనకే కర్రలూ వచ్చాయి. అది నాగుపాముతో జతకడుతుందనీ, దీన్ని వదిలితే అదీ వస్తుందనీ ఒక పెద్దాయన పట్టుబట్టారు. రెండూ వేర్వేరు జాతులు, జతకట్టవు. జెర్రిపోతుకు విషం లేదు, ఎక్కువగా తినేది ఎలుకల్నే. తలుపు వేసి, అటవీశాఖకు ఫోన్ చేసి కూర్చున్నాం. ఆ వానలో మనిషి వచ్చేసరికి సాయంత్రమైంది. పెద్దాయనే అతనికి కాఫీ ఇచ్చారు.

కరివేపాకు గొడవ చిన్నదే. చెట్టు మీద పిట్టరెట్టలా కనిపించినవి సీతాకోకచిలుకల గొంగళిపురుగులు. పెరిగితే ఆకుపచ్చగా మారతాయి. మందు కొట్టొద్దన్నాం. పోపుకు ఆకు చాలకపోతే కొనుక్కోవాలి, అంతే.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి మనవాళ్లు పదకొండుమంది నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా తీరం వెంట నడిచారు. 1988 నుంచి ఏటా సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రిళ్లు తిరుగుతున్న స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ కుర్రాళ్లు తీసుకెళ్లారు. ఈ జనవరిలో చెన్నై తీరానికి వందల ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయని పేపర్లలో చదివాం. తాబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాలర్ పడవ వలలో చిక్కితే మునిగి చస్తుంది. మొదటి గంటన్నరలో మాకు కనిపించినవీ కళేబరాలే. తర్వాత ఇసుక మీద ట్రాక్టర్ టైరు జాడలాంటి గుర్తులు, తాబేలు పాకినవి! ఒక కుర్రాడు కర్రతో మెల్లగా గుచ్చుకుంటూ పోయాడు, ఒకచోట కర్ర సులువుగా లోపలికి దిగిపోయింది. మోచెయ్యి లోతున గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా, నొక్కితే సొట్టపడేంత మెత్తగా. నూటికి పైనే ఉన్నాయి. గుడ్డసంచిలో హేచరీకి, అంటే గుడ్లను కాపాడే చోటికి, తీసుకెళ్లి, అక్కడ మళ్లీ పూడ్చారు. దాదాపు నలభై ఐదు రోజులకు పిల్లలొస్తాయి.

పిల్లలు వెలుగు ఉన్నవైపే పోతాయి. సముద్రం కంటే మన మేడల లైట్లు వెలిగిపోతుంటే రోడ్డెక్కుతాయి. తీరంలో ఉంటున్న సభ్యులను జనవరి నుంచి ఏప్రిల్ దాకా మేడమీద లైట్లు ఆర్పమని అడిగాం. చాలామంది విన్నారు. ఇద్దరు దొంగల భయమన్నారు. వాళ్లకు సముద్రం వైపు రేకు అడ్డుపెట్టిన లైటు పెట్టిస్తామన్నాం, ఇంకా పెట్టించలేదు. తప్పు మాదే.

పక్షులు చూడాలంటే మనవాళ్లు నేలపట్టు, పులికాట్ అని బయల్దేరతారు. పళ్లికరణై చిత్తడినేల ఇంటి పక్కనే ఉంది. 1,248 హెక్టార్లు, 2022లో ముఖ్యమైన చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా రాంసర్‌కెక్కింది. జనవరిలో వెళ్లాం, రోడ్డు మీంచే గూడబాతులు కనిపించాయి. పక్కనే ఉన్న పెరుంగుడి చెత్తకుప్పల వాసన కూడా వచ్చింది.

ఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. బాల్కనీల్లో పావురాలకు గింజలు వేయాలా వద్దా అన్నది మూడు మీటింగుల్లోనూ తేలలేదు. అది ఈ సమావేశం అజెండాలో ఐదో అంశం, భోజనాలకు ముందు.

కార్యదర్శి