మేలో కాదు, జూన్‌లో రా

భీమిలి,
మార్చి నెలాఖరు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మే నెలలో పిల్లలకి సెలవులివ్వగానే అందరూ కట్టకట్టుకుని దిగిపోతామనీ, పొద్దున్నే తాజా చేప, సాయంత్రం గోస్తనీ కలిసేచోట సముద్రస్నానం అనీ తెగ రాశావు. రా, ఎవరొద్దన్నారు? కానీ మొదటిది మేలో దొరకదు, రెండోదానికి నువ్వనుకున్న చోట నేను ఒప్పుకోను. అందుకే ఇంత బారు ఉత్తరం. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, నీకన్నా ఆవిడే తొందరగా అర్థం చేసుకుంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాకు చేపల వేట నిషేధం. మొత్తం 61 రోజులు. తూర్పు తీరమంతా ఇదే లెక్క. ఒకప్పుడు 47 రోజులే ఉండేది, 2015 నుంచి పెంచారు. చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలమని ఇంజను బోట్లన్నీ ఒడ్డెక్కించేస్తారు. దొంగచాటుగా వెళ్ళి దొరికితే బోటూ సరుకూ పోతాయి, డీజిల్ రాయితీ పోతుంది, ఈ రెండు నెలలకీ ప్రభుత్వం ఇచ్చే భృతీ పోతుంది. ఆ భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలు చేశారు. ఇల్లు గడవడానికి అది చాలుతుందా అని మాత్రం నన్నడక్కు, నలుగురు పిల్లలున్న కళాసీ ఇంట్లో అడుగు.

ఇంజను లేని తెప్పలకి నిషేధం లేదు. వాటి మీద వెళ్ళినవాళ్ళు తెచ్చే కాసిని నెత్తళ్ళూ కవళ్ళూ లాంటి చిన్న చేపలు వాడలోనే అయిపోతాయి. మేలో హోటలువాడు నీ ముందు పెట్టే వంజరం చాలావరకు పడమటి తీరం నుంచి ఐసులో వచ్చిందే. అక్కడ నిషేధం జూన్ 1కి గానీ మొదలవదు కదా. లేదంటే ఏ చెరువు చేపో. ఆ మాత్రం దానికి హైదరాబాదు నుంచి రైలెక్కి రావాలా?

అలాగని మేలో ఊరు చచ్చిపోయి ఉంటుందనుకోకు. నాకైతే తీరం అప్పుడే బాగుంటుంది. వల బాగుచేసే మనిషిని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగబడతాడు. చిరిగిన కన్ను చుట్టూ పాడైన దారాన్ని ముందు కత్తితో కోసేస్తాడు, అంటే చిరుగు ఇంకా పెద్దదవుతుంది! తర్వాత దారం చుట్టిన సూదితో ఒక్కో కన్నూ అల్లుకుంటూ పోతాడు. కొలబద్దేమీ ఉండదు, వేళ్ళే కొలత. నోరు మాత్రం పక్కవాడితో కబుర్లాడుతూనే ఉంటుంది. అతికించిన చోటు ఏదో తర్వాత నువ్వు వెతికినా దొరకదు. అలా వలలు పరిచి ఉన్నచోట చెప్పులతో తొక్కావా, తిట్లు తప్పవు. నేను కూడా నీ తరఫున మాట్లాడను. పడవలెక్కి ఫొటోలు దిగడం కూడా అంతే. అది వాళ్ళకి బతుకుతెరువు, పైగా గంగమ్మకి మొక్కి నీళ్ళలోకి దింపేది. బొట్టు పెట్టిన ముక్కు మీద బూటు పెడితే ఎవడూరుకుంటాడు?

తాబేళ్ళ సంగతి చెప్పాలి, ఇప్పుడు ఊళ్ళో పెద్ద వార్త అదే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుంట తీసి, ఒక్కోటీ వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వకుండా అటవీశాఖ వాళ్ళు వాటిని ఏరి, కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెడతారు. నెలన్నర రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. అరచేతిలో పట్టేంత ఉంటాయిరా, ఒళ్ళంతా ఇసుకతో, తెడ్ల లాంటి కాళ్ళు టపటపా కొట్టుకుంటూ ఒకటే పరుగు. చూడనిస్తారు గానీ వెనక నిలబడి చూడాలి. చేత్తో ఎత్తి నీళ్ళలో వదలకూడదు, టార్చి, ఫ్లాష్ వేయకూడదు. వెలుతురు ఎటుంటే అటే సముద్రమనుకుని తిరిగిపోతాయి. గుడ్డు కదిలించినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే, మీ చిన్నాడికి ముందే చెప్పి తీసుకురా. పెద్ద బోట్లు ఈడ్చుకుపోయే ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్ళు కూడా ఈ నెలల్లోనే కొట్టుకొస్తాయి. పిల్లలకి అది కూడా కనిపిస్తుంది, దాచకు.

చిక్కేమిటంటే తాబేలు పిల్లలు మార్చి, ఏప్రిల్‌లో. చేపలు జూన్ 15 తర్వాత. రెండూ ఒక్క ట్రిప్పులో కుదరవు. నన్నడిగితే ఈసారికి చేపలే.

స్నానం మాట. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నీళ్ళు చూస్తే దిగాలనిపిస్తుంది, అక్కడ మాత్రం దిగనివ్వను. ఆటు వేళ నీళ్ళు వెనక్కి పోయేటప్పుడు ఆ లాగుడుకి ఈతగాళ్ళు కూడా ఆగలేరు. మిగతా తీరంలో కూడా ఒకటి గుర్తుపెట్టుకో: అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నిమ్మళంగా ఉన్న పట్టీ చూసి అదే మంచి చోటనుకుంటారు. లోపలికి లాగేది అక్కడే. లాగితే ఒడ్డు వైపు ఈదకూడదు, తీరానికి వెంబడి పక్కకి ఈది బయటపడాలి. ఇది పిల్లలకి కంఠతా రావాలి. మోకాలి లోతు దాటితే నేను కేకలేస్తాను, పరువు పోయిందనుకోవద్దు.

ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే కాబట్టి చూద్దాం. అంచులెక్కి జారడాలూ సీసాలో మట్టి నింపుకోవడాలూ వద్దు. డచ్చివాళ్ళ సమాధులు కూడా చూపిస్తాను, అరగంట చాలు.

ఇక జూన్. నిషేధం ముగిసిన రాత్రే హడావిడి మొదలవుతుంది. పసుపూ కుంకుమా కొబ్బరికాయలూ అయ్యాక మా ఇంజను ఫైబర్ తెప్పలు చీకటితోనే వెళ్తాయి, చాలావరకు ఆ రోజే తిరిగొస్తాయి. విశాఖ హార్బరు నుంచి వెళ్ళే పెద్ద బోట్లకి మాత్రం వారం, పది రోజులు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. మొదటి రెండు మూడు రోజులూ అందరూ ఎగబడతారు, ధర మండిపోతుంది. కాబట్టి 20 దాటాక రా. ఒడ్డున వేలం పాట కుప్పల లెక్కన జరుగుతుంది, తూకం ఉండదు. పాట ముగిశాక కొనడం అమ్మడం అంతా ఆడవాళ్ళదే. ఫోను పట్టుకుని ఊరికే తిరిగావనుకో, "ఏటి బాబూ, పొటోలేనా, సేపలేటైనా కొంతారా?" అని పదిమందిలో అడిగేస్తారు. అడిగి తీసుకో, కాదనరు. బేరం నువ్వు చెయ్యకు, చెల్లెమ్మకి వదిలెయ్. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి మెరవాలి.

పులస అడిగావు. అది మా దగ్గర కాదురా బాబూ, గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాక వరదకి ఎదురీదితే గానీ దానికా రుచి రాదు. యానాం వైపు వెళ్ళాలి, పుస్తెలు అమ్మడానికి సిద్ధపడి వెళ్ళాలి.

అక్టోబరు, నవంబరుల్లో మాత్రం రాకు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబరు 12నే. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే వేటకెవరూ వెళ్ళరు, నువ్వొచ్చి చేసేదీ లేదు.

జూన్ 20 తర్వాత ఏ రోజుకి టికెట్లు దొరికాయో రాయి. విశాఖలో దిగాక ఫోన్ చెయ్యి, బండి పట్టుకొస్తాను. చందువలు ఏ కారంతో వేయించాలో చెల్లెమ్మని ముందే చెప్పమను, ఇక్కడ మా ఆవిడకి ఆ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి.

నీ,
రాము